ఆకు గదిలో పోలింగు

మా ఊరి మీదుగా గీత గీసినవాణ్ణి నేను చూడలేదు. చూసి ఉంటే నాలుగు మాటలు అడిగేవాణ్ణి. పటం ముందు పెట్టుకుని కూర్చున్నవాడికి రోడ్డు ఒక గీత, అంతే. మాకు ఆ రోడ్డు అవతలే బడి, అవతలే రేషను అంగడి, మా అల్లుడి పొలంలో సగం కూడా అవతలే. ఓటు వచ్చినప్పటినుంచీ మా ఊరివాళ్ళు రోడ్డు దాటి ఆ బడిలోనే వేశారు. ఇప్పుడు ఉన్నట్టుండి రోడ్డు అవతల పాత పార్లమెంటు నియోజకవర్గం, ఇవతలున్న మీది కొత్త క్షేత్రం అన్నారు. అచ్చంగా పల్లెటూళ్ళను ఏరి కూర్చిన క్షేత్రం, ఇకమీదట మీ గొంతు ఢిల్లీలో వినబడుతుంది అని పేపర్లో వేశారు. ఆ వార్త నేను రెండుసార్లు చదివాను. మీ మంచికే అన్న మాట కనబడితే ఏదైనా రెండుసార్లు చదువుతాను.

నేను బడికి పోయినవాణ్ణి కాను. బంగారు గనిలో పనిచేసే రోజుల్లో బజ్జీలు చుట్టి ఇచ్చిన కాగితాల మీద అక్షరాలు నేర్చుకున్నాను. ఆ పూట తెలుగు కాగితం దొరికితే తెలుగు, కన్నడం దొరికితే కన్నడం, అరవం దొరికితే అరవం. ఎప్పుడూ సగం చిరిగిన వార్తే దొరికేది. చిరిగిపోయిన సగంలో ఏముందోనని ఆలోచించడం అప్పటినుంచీ ఉన్న అలవాటు. పైగా షిఫ్టు ముగించి భూమి మీదికి వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర మమ్మల్ని తడిమేవాళ్ళు. బంగారం మెరిసే రాయి ముక్క ఏదైనా దాచుకున్నామేమోనని తలగుడ్డ విప్పించి, నోరు తెరిపించి చూసేవాళ్ళు. అన్నేళ్ళు ఒకరి అనుమానం కింద బతికినవాడికి అనుమానించే విద్య వేరే ఎవరూ నేర్పక్కరలేదు.

గని మూతపడ్డాక కూతురి ఊరు చేరాను. అల్లుడు మాలూరులో ఫ్యాక్టరీ పనికి పోతాడు, వారానికోసారి వస్తాడు. ఇక్కడి పొలం, ఆవులు, పట్టుపురుగులు అన్నీ నా కూతురి చేతి మీదే నడుస్తాయి.

గీత మారింది కాబట్టి రోడ్డు అవతలి బడిలో మేము ఓటు వెయ్యడానికి లేదట. ఒకరోజు తాలూకా ఆఫీసునుంచి రెవిన్యూ ఆయన వచ్చి మా వీధిలో నిలబడ్డాడు.

"మీ ఊర్లో గట్టి కప్పుండే గది యాడుండాది? లేదంటే చెప్పండి, చెరువు అవతలి ఊర్లో కలిపేస్తాం. అందరూ ఆడికి పోయి ఓటెయ్యాల."

చెరువు అవతలి ఊరంటే నీలగిరి తోపులు దాటి మండుటెండలో నడవాలి. ముసలివాళ్ళు పోరు. ఆడవాళ్ళు పాలు పితికి, వంట చేసి, మేత వేసి పోయి రావాలంటే జరగదు. మా ఊరి ఓటు లేకుండా చెయ్యడానికే ఈ ఏర్పాటని నాకు అప్పుడే అనిపించింది.

అంతలో పాల సంఘం ప్రెసిడెంటు ముందుకు వచ్చాడు. "నా మామిడికాయల షెడ్డు ఉండాది కదా సార్! కరెంటుండాది, ఫ్యానుండాది, తాళం కూడా కొత్తది."

ఆడవాళ్ళెవరూ పలకలేదు. ఎందుకు పలుకుతారు? రోజూ పొద్దున వాళ్ళు పాలు తెచ్చి పోసేది ఆయన ముందరే. "ఏమమ్మా, ఈ పొద్దు ఆవు చెరువులో పడిందా?" అని ఆయన నవ్వితే, నీళ్ళు కలపని మనిషి కూడా తల దించుకుంటుంది. అలాంటివాడి కప్పు కింద నిలబడి ఎవరికి ఇష్టమైన మీట వాళ్ళు నొక్కుతారంటే నేను నమ్మను. అట్టముక్క అడ్డం పెడితే చెయ్యి దాగుతుందేమో గాని భయం దాగదు.

అప్పుడు నా కూతురు నోరు తెరిచింది. "సార్, మా పురుగుల ఇంట్లో ఆకు గది ఉండాది. దానికి వేరే వాకిలుండాది. చూస్తారా?"

పురుగుల ఇల్లంటే తెలియనివాళ్ళకు చెబుతాను. ఒక పెద్ద హాలు, దాన్ని ఆనుకుని కోసిన మల్బరీ ఆకు వాడకుండా దాచుకునే చిన్న గది. రెంటికీ నడుమ గోడ, గోడ పైన వల కొట్టిన కిటికీలు. రెండు వాకిళ్ళూ ఒకే వరండాలోకి తెరుచుకుంటాయి. హాల్లోకి పరాయి మనిషి కాలు పెట్టకూడదు. ఇంటివాళ్ళయినా గడప దగ్గర బ్లీచింగు నీళ్ళలో కాళ్ళు తడిపి పోవాలి. బీడీ పొగ పడదు, సెంటు పడదు, దోమల చుట్ట అసలే పడదు. పొగ తగిలితే పురుగు కక్కి, మెలికలు తిరిగి చస్తుంది. అలాంటి చోటికి నా కూతురు గవర్నమెంటును పిలిచింది.

రెవిన్యూ ఆయన గది చూసి బాగుందని రాసుకుని పోయాడు. ఇంట్లోకి రాగానే నేను మొదలుపెట్టాను.

"నీకేమన్నా మతి ఉండాదా? పక్కన పురుగులు పెట్టుకొని ఊరందర్నీ పిలుస్తావా?"

"అప్పటికి పండిపోతాయి నాయనా. నేను చూసుకున్నాను. ఎన్నిక ముందే చంద్రికలు ఎక్కేస్తాయి."

పండటమంటే పురుగు మేత మాని, ఒళ్ళు అద్దంలా మెరిసి, తల ఎత్తి గూడు కట్టడానికి చోటు వెతుక్కోవడం. అప్పుడు వాటిని ఏరి, వెదురు తడకల మీద చుట్టలుగా అల్లిన చంద్రికల మీద వదలాలి. ఆలస్యమైతే మేతలోనే గూడు కట్టి పాడు చేసుకుంటాయి.

"నువ్వు చూసుకున్నావు సరే, పురుగును అడిగినావా?" అన్నాను.

"నువ్వడుగు పోయి. లేదంటే ప్రెసిడెంటు షెడ్డులో ఓటెయ్యి. అదీ లేదంటే చెరువు దాటి నడువు. ఈ మూడిట్లో ఏదో ఒకటి చెప్పు, ఊరికే అరవద్దు."

నా భయం ఊరికే పుట్టింది కాదు. అంతకుముందు రెండు పంటలు పురుగులు రోగం తగిలి సున్నపు బొమ్మల్లా బిగుసుకుని చచ్చాయి. ఈసారీ పోతే మల్బరీ తోట పీకేసి, నీలగిరి నాటి, అందరం మాలూరుకు పోయి బాడుగ ఇంట్లో ఉందామని అల్లుడు తేల్చి చెప్పాడు. కూతురు సరే అనక తప్పలేదు. ఆ హాల్లో పెరుగుతున్నవి పురుగులు కావు, ఈ ఊళ్ళో నా కూతురి బతుకు.

ప్రచారం మొదలైంది. ప్రెసిడెంటు వైపు అభ్యర్థిది మాలూరు అవతల అని ఒకరు, బెంగళూరే అని ఒకరు అన్నారు. మనిషి రాలేదు, బండి మీద ఆయన బొమ్మ వచ్చింది. బొమ్మ వెనక టపాకాయలు, డప్పులు, మెడల్లో బంతిపూల దండలు. ఓటు జరగబోయే ఇల్లు చూస్తామని నేరుగా మా వరండా మీదికి వచ్చారు. ముందు ప్రెసిడెంటు.

"మామా, రెండు నిమిషాలు. పురుగుల్ని చేతిలో పెట్టుకొని ఒక ఫోటో తీసుకుంటారంట. రైతు బిడ్డ అని వేస్తారంట."

"బొమ్మకు చేతులు యాడుండాయప్పా?"

వెనకనున్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "నీకు ఎవురి మీదా నమ్మకం లేదే మామా!"

"నమ్ముతాను. ముందు ఆ దండ తీసి అవతల పారెయ్. పూల తోటకు మందు కొట్టినారు. వాసన ఇంత దూరం వస్తా ఉండాది."

దండ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, తీసి చేత్తో పట్టుకుని దిగిపోయాడు. ఆ రోజునుంచి పొద్దునా సాయంత్రం మా ఇంటి ముందర ఆగి, "పండినాయా మామా?" అని అడగడం మొదలుపెట్టాడు. పండితే ఆయనకేమి, పండకపోతే ఆయనకేమి? ఎన్నికలోపు పండకపోతే ఆకు గది ఇవ్వలేమని మేమే చేతులెత్తేస్తాం, ఓటు షెడ్డుకు పోతుందని ఆయన లెక్క. నేను ఆయన అడిగిన ప్రతిసారీ "నీకెందుకప్పా" అనే చెప్పాను.

ఈ నడుమ అకాలంగా వాన పడింది. గాలి చల్లబడింది. చల్లబడితే పురుగు నెమ్మదిస్తుంది. పండాల్సిన రోజు వచ్చింది, పురుగులు తల ఎత్తలేదు. తింటూనే ఉన్నాయి. నా కూతురు హాల్లోకి పోయి వచ్చి, ఇప్పుడు గది ఇవ్వలేమంటే ఓటు షెడ్డుకు పోతుందని చెప్పి, కొడవలి తీసుకుని మళ్ళీ ఆకు కొయ్యడానికి పోయింది. నేను అనాల్సిందంతా ముందే అన్నాను.

ఎన్నికకు ముందు రోజు పొద్దు వాలేటప్పటికి పోలింగు సిబ్బందిని బస్సు మా వీధిలో దించింది. పెద్ద ఆఫీసరు ఎక్కడో కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. ఆయన వెంట ఇద్దరు గుమాస్తాలు, ముళబాగిలు వైపు కానిస్టేబులు ఒకడు. వాళ్ళు మెట్టు ఎక్కబోతుంటే నేను అడ్డం నిలబడ్డాను.

"సారూ, సంచులు తెరవండి."

ఆఫీసరు నా వైపు పైనుంచి కిందికి చూశాడు. "ఏం తాతా, ఎన్నికల అధికారి సంచినే సోదా చేస్తావా?"

"పొద్దున నన్ను మీరు సోదా చెయ్యకుండా పంపిస్తారా? ఒక దినం ముందు నా వంతు."

కానిస్టేబులు పగలబడి నవ్వాడు. నవ్వినందుకు వాడి జేబు ముందు చూశాను. బీడీ కట్ట ఉంది. ఆఫీసరు సంచిలో పచ్చటి దోమల చుట్టలు పెట్టె నిండా ఉన్నాయి. గుమాస్తా దగ్గర సెంటు సీసా. అన్నీ ఒక తట్టలో వేసి ఇంటి అటక మీద పెట్టాను. బదులుగా నా కూతురు దోమతెరలు తెచ్చి ఇచ్చింది.

ఆఫీసరు మర్యాదస్తుడే. విసుక్కున్నాడు గాని గొడవ చెయ్యలేదు. కానీ ఆయన వంతు వచ్చినప్పుడు గోరంత కూడా తగ్గలేదు. "రేపు ఓటింగు నడిచేటప్పుడు ఈ ఇంట్లోకి ఓటరు తప్ప ఎవురూ రాకూడదు. పక్క గది అయినా సరే. మనుషులు వస్తా పోతా ఉంటే నా ఉద్యోగం పోతుంది."

"పురుగులకు మేత ఎవురు వేస్తారు సార్?" అంది నా కూతురు.

ఇద్దరూ చాలాసేపు వాదించారు. చివరికి ఒప్పందం ఇదీ. పోలింగు మొదలుకాకముందే నా కూతురు ఆకు తీసుకుని హాల్లోకి పోవాలి. ఒకసారి పోయాక నడుమ బయటికి రాకూడదు. బయటికి వస్తే చివరి ఓటు పడేదాకా మళ్ళీ లోపలికి పోకూడదు. ఇంకా ఆకు కావాలంటే నేను తెచ్చి కానిస్టేబులుకు ఇవ్వాలి, వాడు మోపు విప్పి చూసి గడప దగ్గర అందించాలి. తన ఓటు అందరికన్నా చివర వేసుకోవాలి.

తెల్లవారి మిషన్లకు లక్కతో సీలు వెయ్యాలని ఆఫీసరు కొవ్వొత్తి తీశాడు. నేను ఒప్పుకోలేదు. గాలి అవతలికి కొట్టే మూలకు, వరండా చివరికి పోయి వెలిగించుకున్నారు. అభ్యర్థుల తరఫున ఏజెంట్లు వచ్చి కూర్చున్నారు. చూస్తే వాళ్ళలో ప్రెసిడెంటు కూడా ఉన్నాడు. షెడ్డు పోయినా ఆయనకు కుర్చీ దొరికింది.

మొదటి ఓట్లలోనే నాదీ వేసి వచ్చాను. ఎవరికి వేశానో మా కూతురికి కూడా చెప్పలేదు. వేశాక అక్కడ నిలబడకూడదని కానిస్టేబులు నన్ను సున్నంతో గీసిన గీత అవతలికి తరిమాడు. అక్కడే ఒక బండ మీద కూర్చున్నాను. లైనులో నిలబడిన పొరుగింటి అవ్వ ఊరుకోలేదు.

"ఏమప్పా, పెట్టెను చూస్తా ఉండావా, పురుగుల్ని చూస్తా ఉండావా?"

"నిన్ను చూస్తా ఉండాను. ఆ వక్కాకు పొగాకు ఉమ్మేసి పో లోపలికి."

"అయ్యో, నా నోరు కూడా సోదానా!" అని అవ్వ అందరూ వినేటట్టు అరిచింది. కానీ ఉమ్మేసే పోయింది.

మధ్యాహ్నానికి ఎండ మండింది. పొద్దున లోపలికి తీసుకుపోయిన ఆకు వాడిపోయి ఉంటుందని నాకు తెలుసు. తోటలో కొత్త కొమ్మలు కోసి, మోపు కట్టి, గీత దగ్గర దించాను. కానిస్టేబులు విప్పి ఒక్కొక్క కొమ్మా దులిపి చూశాడు.

"ఏమి వెతుకుతా ఉండావప్పా?"

"నాకేం తెలుసు? చూడమన్నారు, చూస్తా ఉండాను."

వాడి మీద నాకు కోపం రాలేదు. గేటు దగ్గర నన్ను తడిమినవాళ్ళు కూడా సరిగ్గా అదే మాట అనేవాళ్ళు. వాడు మోపు ఎత్తుకుని పోయి గడప దగ్గర నా కూతురికి అందించాడు. అది మోపు అందుకుంటూ నా వైపు చూసి గట్టిగా కేకేసింది.

"నాయనా, తల ఎత్తతా ఉండాయి!"

ఎండకు ఒక్కసారిగా పండుతున్నాయి. లోపల నా కూతురు ఒక్కతే. ఏరాల్సినవి వేలకు వేలు. ఎవరి ఇంట పురుగు పండినా కబురు పెడితే చుట్టుపక్కలవాళ్ళు చేతులు కడుక్కుని వస్తారు, రేపు వాళ్ళకు పండితే మనం పోతాం. మా ఊళ్ళో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కానీ ఈ రోజు ఊరంతా మా వాకిట్లోనే నిలబడి ఉంది, ఒక్కరు కూడా గడప దాటడానికి లేదు.

గీత దగ్గరనుంచే ఆఫీసరును పిలిచాను. ఆయన బయటికి వచ్చాడు. సంగతి చెప్పాను. నాలుగు చేతులు లోపలికి పంపండి అని అడిగాను. ఆయన ఆలోచిస్తుంటే లోపలినుంచి ప్రెసిడెంటు గొంతు వినబడింది.

"సార్, నిన్న ఎవురూ పోరాదని మీరే అన్నారు. ఇప్పుడు ఒకరికి విడిస్తే రేపు ఎవురైనా కేసు వేస్తే?"

చూశారా? ఆ మాటలో తప్పు లేదు. తప్పు లేకుండా మాట్లాడేవాడినే నేను ఎక్కువ గమనిస్తాను. ఆఫీసరు తల అడ్డంగా ఊపి లోపలికి పోయాడు.

సాయంత్రం లైను పలచబడింది. కానిస్టేబులు వచ్చి, టైము కావొచ్చిందని, చివరి ఓటుకు నా కూతుర్ని రమ్మంటున్నారని చెప్పాడు. అది గడప దగ్గరికి వచ్చింది గాని బయట కాలు పెట్టలేదు.

"నేను రాను. ఓటు పోతే పోనీ. నేను లైనులో నిలబడితే అంతసేపట్లో ఎన్ని మేతలోనే గూడు కట్టుకుంటాయో నీకు తెలుసా?"

నేను గీత అవతలనుంచే అరిచాను. "ఊరంతా నీ గదిలో ఓటేసి, నువ్వు వెయ్యకపోతే ఏమనుకోవాల?"

"పంట పోతే ఇంగ ఈ ఊర్లో నాకు ఓటే ఉండదు నాయనా. మాలూరులో బాడుగ ఇంటి ముందర వేసుకుంటాను."

జవాబు చెప్పింది పొరుగింటి అవ్వ. "ఓసి పిచ్చిదానా, నువ్వు వేస్తేనే కదా ఆఫీసరు తలుపు మూసేది? మూస్తేనే కదా మేము లోపలికొచ్చేది? లైనులో నీ ముందర ఎవురూ లేరు. పరుగెత్తు!"

నిజమే. ఆ సంగతి అప్పటిదాకా నాకు గాని దానికి గాని తట్టలేదు. నా కూతురు చేతులు కొంగుకు తుడుచుకుని పరుగెత్తింది. జుట్టు నిండా ఆకు ముక్కలు. వేలికి సిరా పూశారు. మిషను కూత వినబడింది. టైము అయిందని ఆఫీసరు ప్రకటించాడు, కానిస్టేబులు కాలితో సున్నపు గీత చెరిపాడు.

ఊరు వరండా ఎక్కింది. అందరూ బ్లీచింగు నీళ్ళ దగ్గర కాళ్ళు తడుపుతున్నారు. అప్పుడు నాకు కనబడింది. అందరి ఎడమ చేతి చూపుడు వేలి మీదా నల్లగా సిరా. నేను రెండు చేతులూ చాచి గడపలో నిలబడ్డాను.

"ఆగండి. ఆ సిరా ఏమి మందో ఎవురికి తెలుసు?"

ఆఫీసరు మిషను సీలు చేసుకుంటూ తల ఎత్తాడు. "ఏమీ చెయ్యదు తాతా. మనుషులకు దేశమంతా పూస్తారు."

"మనుషులకు సరే. నెలల తరబడి సబ్బుకు పోనిది పురుగు ఒంటికి ఏమి చేస్తుంది? మీరు పురుగుకు పూసి చూసినారా?"

చూడలేదని ఆయన ఒప్పుకున్నాడు.

"అట్లయితే ఎడమ చెయ్యి ఎవురూ వాడొద్దు. వెనక్కి కట్టుకోండి. కుడి చేత్తోనే ఏరండి."

తిట్టుకుంటూనే కట్టుకున్నారు. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టి, కుడి చేత్తో ఒక్కొక్క పురుగునూ ఏరి చంద్రికల మీద వదిలారు. నా కూతురు తన ఎడమ చెయ్యి కొంగులో చుట్టుకుంది. అవ్వకు కుడి చెయ్యి నొప్పి, అయినా మార్చనివ్వలేదు. ప్రెసిడెంటు కూడా వచ్చాడు. ఆయన కుడి చెయ్యి పట్టుకుని వాసన చూశాను. సబ్బు వాసన.

"ఏమి మామా, పాస్ అయినానా?"

"పో. గోడ పక్కకు పోవద్దు, దీపం కింద నిలబడు. నాకు కనబడాల."

ఆయన అక్కడే నిలబడి మిగిలినవాళ్ళందరికన్నా నేర్పుగా, ఒక్క పురుగు కూడా కింద పడకుండా ఏరాడు. ఎందుకు ఏరాడో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

కొన్ని మేతలోనే గూడు కట్టి పాడయ్యాయి. మిగిలినవి నిలిచాయి. అల్లుడు వచ్చేసరికి చంద్రికల నిండా గూళ్ళు, తెల్లగా, గట్టిగా. అతను ఒకటి పీకి చెవి దగ్గర ఆడించి చూశాడు. నా కూతురు చీపురుతో ఆకు గది ఊడుస్తోంది, తల ఎత్తలేదు.

"ఇంగ మాలూరు మాట ఎత్తొద్దు," అంది.

"సరే," అన్నాడు అల్లుడు. ఒక్క మాటలో, ఎదురు చెప్పకుండా. అంత సులభంగా ఎందుకు ఒప్పుకున్నాడోనని నేను ఇప్పటికీ అతన్ని ఒక కంట కనిపెట్టే ఉన్నాను.